మేకన్ రోజులు, జైమో డ్రమ్ములు

జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మాకు ఆదివారం వచ్చిందంటే రివర్‌డేల్ ప్రయాణమే. అట్లాంటాకు దక్షిణాన ఉన్న ఆ చిన్న ఊళ్ళో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. మధ్య జార్జియాలో అక్కడొకరు ఇక్కడొకరుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు స్వామి దర్శనమైనా, పులిహోర ప్రసాదమైనా, పిల్లల చెవిన నాలుగు తెలుగు మాటలు పడటమైనా అక్కడే. అలా బయలుదేరిన ఒక ఉదయం, ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఇచ్చిన సీడీని కారులో పెట్టాను. ఆయన మేకన్‌లోనే పుట్టి పెరిగిన తెల్లజాతి మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు. పని మధ్యలో నేను బల్ల మీద వేళ్ళతో తాళం వేసుకోవడం గమనించి, మా ఊళ్ళో ఉంటూ మా ఊరి సంగీతం వినకపోతే ఎలాగంటూ తెచ్చి చేతిలో పెట్టారు. అది ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ అనే రాక్ బృందం 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాలులో చేసిన కచేరీల రికార్డు. ముందుగా చివరి పాట వినమని చెప్పారు కనుక నేరుగా అక్కడికే వెళ్ళాను. ఇంటర్‌స్టేట్ 75 మీదికి ఎక్కుతుండగా మొదలైన ఆ "విప్పింగ్ పోస్ట్" ఫోర్సైత్ దగ్గరపడేదాకా సాగింది. దాదాపు 23 నిమిషాల పాట అది. ఆ బృందంలోని డ్రమ్ము వాద్యకారుడు జైమోను నేను మొదటిసారి విన్నది అందులోనే.

చిన్నతనంలో విజయవాడలో కొన్నేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. తర్వాత చదువుల్లో పడి వాయిద్యం దూరమైనా లెక్క మాత్రం చేతిలో ఉండిపోయింది. పాట మొదట్లో బేస్ గిటార్ ఒంటరిగా ఎత్తుకున్న ఆ వరుసకు స్టీరింగ్ మీద వేలితో తాళం వేయబోతే నాలుగులోనూ ఇమడలేదు, మూడులోనూ ఇమడలేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టి లెక్కించాను. మూడు, మూడు, మూడు, చివర రెండు. పదకొండు! మన కర్ణాటక సంగీతంలోని మిశ్రజాతి త్రిపుట తాళానికి కూడా పదకొండు అక్షరాలే కానీ అక్కడ విరుపు ఏడు, రెండు, రెండుగా వస్తుంది; ఇక్కడ మూడేసి చొప్పున మూడుసార్లు పరుగెత్తి, చివర ఒక అక్షరం తగ్గించుకుని మళ్ళీ తాళం మొదటి దెబ్బకు వచ్చి పడుతోంది. ఆ పాట కట్టిన గ్రెగ్ ఆల్మన్‌కు తాను పదకొండులో రాశానన్న సంగతి అన్న డువేన్ చెప్పేదాకా తెలియదట. ఆ సంగతి తర్వాత చదివినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. తాళం తెలిసి పాడేవారు కొందరైతే, పాడిన తర్వాత అది తాళంలో ఉందని తెలుసుకునేవారు మన జానపదుల్లోనూ కావలసినంత మంది ఉన్నారు.

పాట నడుస్తున్నకొద్దీ ఇంకొకటి పట్టి లాగింది. అందులో డ్రమ్ములు ఒకరు వాయిస్తున్నవి కావు. ఒక వాయిద్యం ముందుకు తోసుకుపోతోంది, దాని పక్కన రెండోది ఎక్కడో తేలుతూ, ఒక్కొక్కచోట అసలు మాట్లాడకుండా ఊరుకుని, ఎవరూ అనుకోని సందులో ఒక దెబ్బ వేసి తప్పుకుంటోంది. మరునాడు ఆఫీసులో ఆ మాటే అడిగాను. ముందుకు తోసేది బుచ్ ట్రక్స్ అనీ, వెతికితే తప్ప దొరకని ఆ రెండో మనిషి జైమో అనీ, అసలు ఆ బృందంలోకి డువేన్ అందరికన్నా ముందు పిలుచుకున్నది ఆయననే అనీ పెద్దాయన చెప్పారు. ఆ రోజు నుంచి జైమో గురించి ఎక్కడ ఏది దొరికినా చదువుతూ, ఏ రికార్డు దొరికినా వింటూ వచ్చాను. ఆయన గురించి తెలుగులో ఎవరైనా రాస్తే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది. ఎవరూ రాయలేదు కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

జైమో అసలు పేరు జానీ లీ జాన్సన్. తర్వాత జై జొహానీ జొహాన్సన్ అన్న రంగస్థల నామం పెట్టుకున్నా లోకానికి మాత్రం జైమోగానే మిగిలారు. 1944 జులై 8న మిసిసిపీ రాష్ట్రంలోని ఓషన్ స్ప్రింగ్స్‌లో పుట్టి, గల్ఫ్ తీరంలోనే ఉన్న గల్ఫ్‌పోర్ట్‌లో పెరిగారు. నల్లజాతి పిల్లలకు వేరే బడి, వేరే నీళ్ళ కుళాయి, బస్సులో వేరే సీటు ఉన్న కాలమూ చోటూ అవి. బడి బ్యాండులో డ్రమ్ము పట్టిన ఆ కుర్రవాడి మనసంతా జాజ్ మీదే ఉండేది. మాక్స్ రోచ్, ఎల్విన్ జోన్స్ వంటి మహా వాద్యకారుల రికార్డులు వింటూ, వాళ్ళలా వాయించాలన్న కోరికతోనే పెరిగారు. కానీ ఆ ప్రాంతంలో జాజ్ వాయించి పొట్ట పోసుకోవడం కుదిరే పని కాదు. డబ్బు వచ్చేదంతా రిథమ్ అండ్ బ్లూస్ గాయకుల వెంట ఊరూరా తిరిగే బృందాల్లోనే.

అందుకే ఆయన ఆ బృందాల్లో చేరారు. 1966లో గాయకుడు ఓటిస్ రెడింగ్ వెంట తిరిగి వాయించారు. ఓటిస్ మేకన్‌లో పెరిగినవాడు, ఆ ఊరి గర్వకారణం. నదికి దగ్గరగా పార్కులో ఆయన కంచు విగ్రహం ఉంది. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ దాన్ని చూపించేవాడిని. తర్వాత జో టెక్స్, పెర్సీ స్లెడ్జ్ వంటివారికి కూడా జైమో వాయించారు. గాయకుడి గొంతు ఎక్కడ విరుగుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో చూసుకుంటూ, తాను కనబడకుండా పాటను మోయడం ఆ కొలువులో నేర్చుకునే మొదటి పాఠం. జైమో వాయిద్యంలో ఆ శిక్షణ జీవితాంతం వినిపిస్తుంది. ఆయన పెద్దగా వాయించినప్పుడు కూడా ఎదుటివారి గొంతుకు చోటు వదిలే వాయిస్తారు.

ఈ తిరుగుళ్ళతో విసిగి, ఎలాగూ పస్తులు తప్పనప్పుడు ఇష్టమైన జాజ్ వాయిస్తూనే పస్తులుందామని న్యూయార్క్ వెళ్ళిపోదామనుకుంటున్న సమయంలో, అలబామా రాష్ట్రం మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియోలో డువేన్ ఆల్మన్ అనే గిటార్ వాద్యకారుడు ఉన్నాడనీ, అతన్ని ఒకసారి కలవమనీ ఒక మిత్రుడి ద్వారా కబురు అందింది. విల్సన్ పికెట్ వంటి గాయకుల రికార్డులకు గిటార్ వాయిస్తున్న డువేన్‌కు అప్పటికి 22 ఏళ్ళు. ఓటిస్ రెడింగ్ వ్యవహారాలు చూసిన ఫిల్ వాల్డెన్ అతనితో ఒప్పందం చేసుకుని, సొంత బృందం కట్టమని ప్రోత్సహిస్తున్నాడు. 1969 మొదట్లో జైమో తన డ్రమ్ములతో అక్కడికి చేరుకున్నారు. స్టూడియోలో రికార్డింగ్ లేని సమయమంతా ఇద్దరూ ఒక గదిలో కూర్చుని వాయించుకునేవారు. కొద్దిరోజుల్లో ఫ్లారిడా నుంచి బేస్ గిటార్ వాద్యకారుడు బెర్రీ ఓక్లీ వచ్చి కలిశాడు. బృందానికి ఇంకా పేరు లేదు, పాటలు లేవు, పాడేవాడు లేడు. ఆ గదిలో ఉన్నది ముగ్గురే. ఆల్మన్ బ్రదర్స్ సంగీతానికి పునాది అక్కడే పడిందని నేను నమ్ముతాను.

డువేన్‌కు ఇద్దరు డ్రమ్మర్లు కావాలనిపించింది. ఓటిస్ రెడింగ్‌కూ, జేమ్స్ బ్రౌన్‌కూ ఇద్దరేసి ఉన్నప్పుడు తనకు మాత్రం ఎందుకు ఉండకూడదన్నది అతని వాదన. జైమోను వెంటబెట్టుకుని ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌కు వెళ్ళి, అక్కడి బుచ్ ట్రక్స్ ఇంట్లో దింపాడు. 1947లో అదే ఊళ్ళో, బాప్టిస్ట్ సంప్రదాయం గట్టిగా పాటించే తెల్లజాతి కుటుంబంలో పుట్టినవారు బుచ్. అంతవరకు ఒక నల్లజాతి మనిషితో తీరికగా కూర్చుని మాట్లాడిన అనుభవం తనకు లేదని ఆయనే తర్వాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. డువేన్ ఇద్దరికీ పరిచయం చేసి తన దారిన తాను వెళ్ళిపోయాడు. జైమో ఆ ఇంట్లోనే ఉండిపోయారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి ఏడాది కూడా పూర్తిగా గడవని రోజులవి. ఆ ఇంట్లో మొదలైన మాటలు, స్నేహం, వాయిద్యం 2014 వరకు, మధ్యలో కొన్ని ఏళ్ళు మినహా, సాగాయి. అమెరికా దక్షిణాది రాక్ చరిత్రలో గిటార్ల గురించి రాసే పుటల్లో సగమైనా ఈ స్నేహానికి కేటాయించి ఉండవలసింది.

బుచ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మొదట్లో ఆయనకు తన చేతి మీద తనకే నమ్మకం చాలేది కాదు. ఒక రోజు అందరూ కలిసి వాయిస్తుండగా పాట నీరసించింది. డువేన్ వెనక్కి తిరిగి, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ సవాలు విసురుతున్నట్టు గిటార్ మీద ఒక పలుకు పలికించాడట. రెండుసార్లు, మూడుసార్లు అలాగే చేసేసరికి బుచ్‌కు కోపం వచ్చి, ఎదుట ఉన్నది డువేన్ తలే అన్నంత కసిగా డ్రమ్ముల మీద దెబ్బలు వేశారు. సంగీతం ఎగసి లేచింది. డువేన్ నవ్వి, అదీ అన్నట్టు చూశాడు. అక్కడి నుంచి మళ్ళీ తనను తాను శంకించుకోలేదని బుచ్ చెప్పేవారు. గూడ్సు రైలు అని ఆయనకు పేరు పడింది. ఆ రైలు అంత నమ్మకంగా పట్టాల మీద ఉండబట్టే జైమో తాళం గురించి బెంగ లేకుండా అటూ ఇటూ విహరించగలిగారు. జైమో అంత చక్కగా అల్లబట్టే ఆ పరుగు మోటుగా వినబడలేదు.

మార్చి నెలలోనే జాక్సన్‌విల్‌లో మరో గిటార్ వాద్యకారుడు డికీ బెట్స్ కూడా కలిసి గంటల తరబడి వాయించిన తర్వాత, ఇందులో ఉండనన్నవాడు నన్ను కొట్టి ఈ గుమ్మం దాటాలి అని డువేన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడన్న కథ అక్కడివారందరికీ కంఠస్థం. పాడటానికి లాస్ ఏంజెలెస్ నుంచి తమ్ముడు గ్రెగ్‌ను పిలిపించడంతో ఆరుగురూ పూర్తయ్యారు. ఆ వసంతంలోనే మకాం మేకన్‌కు మారింది. ఫిల్ వాల్డెన్ క్యాప్రికార్న్ రికార్డ్స్ సంస్థ అక్కడే ఉండేది.

పొడుగాటి జుట్టు తెల్ల కుర్రవాళ్ళు ఐదుగురూ, ఒక నల్లజాతి యువకుడూ కలిసి 1969లో జార్జియా వీధుల్లో నడవడమంటే ఏమిటో మా ఆఫీసు పెద్దాయన చెబుతుంటే విన్నాను. హోటళ్ళలోనూ బడుల్లోనూ వర్ణ విభజన చెల్లదన్న చట్టం వచ్చి అప్పటికి ఐదేళ్ళే. చట్టం మారినంత తొందరగా చూపులు మారలేదు. ఊళ్ళో కొందరు కార్లు ఆపి మరీ చూసేవారట. కానీ వాళ్ళకు అన్నం పెట్టిన చోటు కూడా ఆ ఊళ్ళోనే ఉంది. హెచ్ అండ్ హెచ్ అనే చిన్న భోజనశాలలో నల్లజాతి తల్లి లూయిస్ హడ్సన్ వంట చేసేవారు. ఆరుగురి దగ్గరా కలిపి రెండు పళ్ళాలకు సరిపడా చిల్లర మాత్రమే ఉందని తెలిసి, అడగకుండానే అందరికీ వడ్డించిన మహాతల్లి ఆమె. ఊరంతా ఆమెను మామా లూయిస్ అనే పిలిచేది. డబ్బు వచ్చిన తర్వాత వాళ్ళు ఆ బాకీ తీర్చుకున్నారు, కచేరీ యాత్రకు ఆమెను వెంట తీసుకువెళ్ళారు కూడా.

పెద్దాయన ఒక మధ్యాహ్నం నన్ను ఆ హెచ్ అండ్ హెచ్‌కు భోజనానికి తీసుకువెళ్ళారు. గోడల నిండా బృందం ఫొటోలు. నేను శాకాహారినని తెలిసి ఆయన కూరగాయల పళ్ళెం చెప్పారు. వేయించిన బెండకాయ ముక్కలు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె వచ్చాయి. బెండకాయ వేపుడు నోట్లో పెట్టుకోగానే మా ఇంటి వంటిల్లు గుర్తుకు వచ్చింది. ఎదురుగా గోడ మీద యువకుడిగా ఉన్న జైమో ఫొటో ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయన దృష్టి మాత్రం పక్కకు ఉంది. ఆ పళ్ళెం ముందు కూర్చునే పెద్దాయన నాకు మొదటిసారి చెప్పారు, ఆ బృందానికి జాజ్ రుచి చూపించినది జైమో అని.

నిజానికి ఇదే నేను అన్నిటికన్నా ముందు చెప్పాలనుకున్న సంగతి. జాజ్ దిగ్గజాలైన మైల్స్ డేవిస్, జాన్ కోల్‌ట్రేన్ రికార్డులను మిగిలిన ఐదుగురి చేతా పట్టుబట్టి వినిపించినవారు జైమో. డువేన్ ఆ సంగీతంలో మునిగిపోయాడు. ఒకే రెండు మూడు స్వరాల వరుస మీద నిలబడి, తొందరపడకుండా, మనోధర్మంతో పావుగంట సేపు విస్తరించే ఆ పద్ధతి అతని గిటార్‌లోకి ప్రవహించింది. బ్లూస్ పాటలు పాడుకునే దక్షిణాది కుర్రవాళ్ళ బృందం, ఆలాపనకూ సంభాషణకూ చోటున్న బృందంగా మారినది ఆ వినికిడి వల్లనే. మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఉన్న ఒక సమాధి రాతి మీది పేరుతో డికీ బెట్స్ కట్టిన "ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్" వినండి. అందులో పాడేవారు లేరు. గిటార్లు రెండూ కలిసి మెల్లగా లేస్తున్నప్పుడు కింద తాళం రాక్ సంగీతంలా దబదబ లాడదు. సింబల్ అనే కంచు పళ్ళెం మీద కర్ర కొన తేలికగా నడుస్తూ, లాటిన్ నడకల ఛాయలు పూసుకుంటూ పోతుంది. ఆ ఊహ మిసిసిపీ కుర్రవాడు న్యూయార్క్ వెళ్ళకుండానే కన్న కల.

తని ఆవర్తనంలో, అంటే కర్ణాటక కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగమూ ఘటమూ మాట్లాడుకునే తీరు మనకు తెలుసు. ఒకరు అన్నది రెండోవారు అందుకుని, మార్చి, తిరిగి అప్పగించి, చివరికి ఇద్దరూ కలిసి మోహరా అనే ముగింపు వరుస మీదికి వస్తారు. బుచ్, జైమో ఇద్దరూ వాయించే భాగాలు విన్నప్పుడు మొదట నేను అలాంటిదే ఆశించాను. కానీ వారి పద్ధతి వేరు. వాళ్ళు వంతులు వేసుకోరు. ఒకే సమయంలో ఇద్దరూ మాట్లాడతారు, అయినా ఒకరి మాట మీద ఒకరి మాట పడదు. ముందుగా కూర్చుని ఎవరు ఏది వాయించాలో పంచుకున్నది చాలా తక్కువని ఇద్దరూ చెప్పేవారు. అది వింటూ వాయించడం వల్ల మాత్రమే సాధ్యం. మృదంగం దగ్గర కూర్చున్న రోజుల్లో మా గురువుగారు, చేతికన్నా చెవికి ఎక్కువ సాధన కావాలి అనేవారు. ఆ మాట ఎంత నిజమో జైమోను వింటూ మళ్ళీ తెలుసుకున్నాను.

1969 నవంబరులో మొదటి రికార్డు వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది ఒక వ్యానులో కిక్కిరిసి కూర్చుని దేశమంతా తిరిగి 300కు పైగా రాత్రులు వాయించారని చెబుతారు. ఆ తిరుగుడులో పదునెక్కిన సంగీతమే 1971 మార్చి 12, 13 తేదీల్లో ఫిల్మోర్ ఈస్ట్‌లో రికార్డయింది. టామ్ డౌడ్ నిర్మాత. బయట ఆపి ఉంచిన లారీలో కూర్చుని ఆయన రికార్డు చేశారు. అందులో జైమో డ్రమ్ములతో పాటు కాంగాలు, టింబాలేలు అనే లాటిన్ డ్రమ్ములు కూడా వాయించారు. ఆ సంపుటి జులైలో విడుదలై, అక్టోబరు 25 నాటికి బంగారు రికార్డయింది.

నాలుగు రోజులకు, అక్టోబరు 29న, మేకన్‌లో మోటారు సైకిలు ప్రమాదంలో డువేన్ పోయాడు. 24 ఏళ్ళు. ఏడాది తిరిగిన కొద్దిరోజులకే, 1972 నవంబరు 11న, అక్కడికి మూడు వీధుల దూరంలో మరో మోటారు సైకిలు ప్రమాదం బెర్రీ ఓక్లీని తీసుకుపోయింది. అతనికీ 24 ఏళ్ళే. మజిల్ షోల్స్ గదిలోని ముగ్గురిలో జైమో ఒక్కరే మిగిలారు. రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉన్న వారి సమాధుల దగ్గర నేను ఒక సాయంత్రం నిలబడి ఉన్నాను. కింద రైలు పట్టాలు, ఆ అవతల ఓక్మల్గీ నది. ఇద్దరు స్నేహితులను ఏడాది వ్యవధిలో మట్టికి అప్పగించి, మరునాడు మళ్ళీ డ్రమ్ముల ముందు కూర్చోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో అక్కడ నిలబడితే తప్ప నాకు అర్థం కాలేదు.

బెర్రీ స్థానంలోకి ఎవరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు జైమో గల్ఫ్‌పోర్ట్ నాటి బాల్యమిత్రుడు లమార్ విలియమ్స్ పేరు చెప్పారు. వియత్నాం యుద్ధంలో పనిచేసి తిరిగి వచ్చినవాడు లమార్. దానితో తాళ విభాగం ముగ్గురిలో ఇద్దరు మిసిసిపీ తీరం వాళ్ళయ్యారు. పియానో వాద్యకారుడు చక్ లెవెల్ అప్పటికే వచ్చి చేరి ఉన్నాడు. 1973లో "రాంబ్లిన్ మ్యాన్" దేశమంతటా మోగి పాటల పట్టికలో రెండో స్థానానికి చేరింది. ఆ జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, ద బ్యాండ్ బృందాలతో కలిసి సుమారు ఆరు లక్షల మంది ఎదుట వాయించారు. కీర్తి, డబ్బు, మత్తుపదార్థాలు, కలహాలు అన్నీ కలిసి 1976కల్లా బృందం చీలిపోయింది. ఆ గొడవల కథలు ఇక్కడ అనవసరం. జైమో మాత్రం చక్, లమార్‌లతో కలిసి సీ లెవెల్ అనే బృందాన్ని నిలబెట్టారు. ఆయన కోరుకున్న జాజ్ అందులో మరింత స్వేచ్ఛగా వినిపిస్తుంది. లమార్ 1983లో 34 ఏళ్ళకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. వియత్నాంలో అడవుల మీద చల్లిన రసాయనమే కారణమని నమ్మేవారు చాలామంది ఉన్నారు.

ఆల్మన్ బ్రదర్స్ మళ్ళీ కలిసిన తర్వాత, 1980లో, జైమోను బృందం నుంచి తప్పించారు. అప్పటికే కారు ప్రమాదంలో దెబ్బతిన్న వెన్ను ఆయనను బాధపెడుతోంది, డబ్బు లెక్కల దగ్గర పేచీలూ వచ్చాయి. డువేన్ మొట్టమొదట పిలిచిన మనిషిని, డువేన్ పేరు మీద నడుస్తున్న బృందం బయటికి పంపింది. ఆ కాలపు వారి రికార్డులు నేను రెండోసారి వినలేకపోయాను. వాయించినవారు తక్కువవారని కాదు. ఆ సంగీతంలో జైమో వదిలే ఖాళీలు లేవు. రెండేళ్ళలో ఆ బృందమూ ఆగిపోయింది. 1989లో, ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా మళ్ళీ కలిసినప్పుడు జైమో తిరిగి వచ్చారు, ఇక చివరిదాకా ఉన్నారు. 1995లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవమూ, 2012లో గ్రామీ జీవిత సాఫల్య పురస్కారమూ బృందంతో పాటు అందుకున్నారు.

నేను ఆయనను కళ్ళారా చూసినది న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్‌లో. మార్చి నెల వచ్చిందంటే ఆ బృందం ఆ హాలులో వరుసగా రాత్రుల తరబడి వాయించేది. అప్పటికి నేను న్యూజెర్సీకి మారాను. పై బాల్కనీ టికెట్టు దొరికింది. అక్కడి నుంచి చూస్తే వేదిక మీద మూడు తాళవాద్యాల కూటమి కిందికి కనిపిస్తుంది. బుచ్, జైమో, వారితో 1991 నుంచి ఉన్న మార్క్ కిన్యోనెస్. బుచ్ ముందుకు వంగి ఒళ్ళంతా కదిలిస్తూ కొడుతున్నారు. జైమో దాదాపు నిటారుగా కూర్చుని, మోచేతులు ఒంటికి ఆనించుకుని, మణికట్లతో వాయిస్తున్నారు. గిటార్ వాద్యకారుడు డెరెక్ ట్రక్స్ సోలో మొదలుపెట్టినప్పుడు జైమో మొదటి కొన్ని ఆవృత్తాలు కర్రలు దాదాపు ఎత్తలేదు. తల మాత్రం అటు తిప్పి వింటూ కూర్చున్నారు. తర్వాత సింబల్ మీద ఒక చిన్న గీత గీసినట్టు ఒకే ఒక్క దెబ్బ. డెరెక్ ఆ దెబ్బను వెంటనే గిటార్‌లోకి అందుకున్నాడు. బుచ్‌కు సోదరుడి కొడుకైన డెరెక్ అలీ అక్బర్ ఖాన్ కాలిఫోర్నియాలో స్థాపించిన కళాశాలలో హిందుస్తానీ సంగీతం అభ్యసించాడు. అతని గమకాల్లో సరోద్ ఛాయ నాకు స్పష్టంగా వినిపించింది. అలాంటివాడికి కింద చోటు ఎలా పరచాలో డెబ్బయ్యో పడికి దగ్గరపడుతున్న ఆ వాద్యకారుడికి తెలుసు. పక్కన కూర్చున్న అపరిచితుడు గిటార్‌కు చప్పట్లు కొట్టాడు. నా చప్పట్లు ఆ ఒక్క దెబ్బకు.

2014 అక్టోబరు 28న అదే హాలులో ఆ బృందం చివరి కచేరీ చేసింది. అది ముగిసేసరికి అర్ధరాత్రి దాటి, డువేన్ పోయిన తేదీ వచ్చింది. 1969లో ఆరుగురూ మొట్టమొదట కలిసి సాధన చేసిన మడ్డీ వాటర్స్ పాట "ట్రబుల్ నో మోర్"తోనే ముగించారు. ఆ రాత్రి నేను అక్కడ లేను. 2017 జనవరిలో బుచ్, మే నెలలో గ్రెగ్ కన్నుమూశారు. బుచ్ తన ప్రాణం తానే తీసుకున్నారన్న వార్త చదివి చాలా రోజులు ఆ రికార్డుల జోలికి పోలేకపోయాను. నలభై అయిదేళ్ళు తన చెవి పక్కన వినబడిన చప్పుడు ఆగిపోతే జైమోకు ఎలా ఉంటుందన్న ఆలోచనే వెంటాడింది.

ఆయన మాత్రం వాయించడం మానలేదు. కనెక్టికట్‌లో స్థిరపడి జైమోస్ జాజ్ బ్యాండ్ పేరుతో సొంత బృందాన్ని నడిపారు. 2020 మార్చి 10న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, బృందానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా జరిగిన కచేరీలో, 75 ఏళ్ళ వయసులో, బుచ్ వారసత్వం అందుకున్న, డెరెక్ తమ్ముడైన డువేన్ ట్రక్స్ పక్కన కూర్చుని వాయించారు. ఆ వారంలోనే కరోనా వల్ల నగరం మూతపడింది. 2024 ఏప్రిల్‌లో డికీ బెట్స్ కూడా వెళ్ళిపోయారు. మొదటి ఆరుగురిలో ఇక జైమో ఒక్కరే.

సదరన్ రాక్, అంటే దక్షిణాది రాక్ అనగానే చాలామందికి తెల్లజాతి బృందాలూ, అమెరికా అంతర్యుద్ధం నాటి దక్షిణాది జెండాలూ గుర్తుకు వస్తాయి. గ్రెగ్‌కు ఆ పేరే నచ్చేది కాదు. రాక్ పుట్టిందే దక్షిణాదిలో అయినప్పుడు మళ్ళీ ఆ విశేషణం దేనికని అడిగేవాడు. ఆ సంగీతానికి మూలమైన బృందంలో మొదటి మనిషి గల్ఫ్‌పోర్ట్ నల్లజాతి కుర్రవాడన్న సంగతి, దాని లోపలి శ్వాస జాజ్ అన్న సంగతి, ఆ జెండాలు పట్టుకున్నవారిలో ఎందరికి తెలుసో! మేకన్‌లో వైన్‌విల్ అవెన్యూ మీద వాళ్ళు కాపురమున్న పెద్ద ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అటు వెళ్ళే తెలుగువారు, ముఖ్యంగా రివర్‌డేల్ ఆలయం దాకా వెళ్ళినవారు, మరో గంట ప్రయాణం చేసి దాన్ని చూసి రావాలని నా కోరిక.

కొత్తగా వినదలచినవారు ఫిల్మోర్ ఈస్ట్ రికార్డులోని "ఎలిజబెత్ రీడ్"తో మొదలుపెట్టండి. మొదటిసారి గిటార్లనే వినండి, అవి వినకుండా ఉండటం ఎలాగూ సాధ్యం కాదు. రెండోసారి వాటిని వదిలేసి కింద నడిచే రెండు వాయిద్యాలను విడదీసి పట్టుకోవడానికి ప్రయత్నించండి. నిలకడగా పరుగెత్తేది దొరికిన తర్వాత, అది చెప్పకుండా వదిలేసిన చోట్ల ఏం పలుకుతోందో గమనించండి. ఆపైన 1977 నాటి సీ లెవెల్ మొదటి సంపుటి, 2011లో జైమో సొంత బృందంతో చేసిన "రినైసాన్స్ మ్యాన్" వరుసగా వింటే, గల్ఫ్‌పోర్ట్‌లో మొదలైన ఆ చెయ్యి ఎటు నుంచి ఎటు నడిచిందో స్పష్టంగా తెలుస్తుంది.